బావ అన్న మాట

3 ఫిబ్రవరి 2019, ఆదివారం

ముందుగా తప్పులకు క్షమాపణ. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ అనుమానమే. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని అత్త అనేది. ఇది ఎవరూ చదవకూడదు కాబట్టి ఈ క్షమాపణ ఎవరికో నాకే తెలియదు. ఇంగ్లీషు క్లాసులో మార్గరెట్ టీచరు ఈ నోటుపుస్తకం ఇచ్చి, ఏ భాషలోనైనా సరే రోజూ కొంచెం రాయమంది. రాసేవాళ్ళకు మాట్లాడే ధైర్యం వస్తుందట. నాకు అర్థమైంది అంతే. ఇంకేమైనా అన్నదేమో.

హోబార్ట్ వచ్చి నాలుగు నెలలయింది. ఇన్నాళ్ళూ ఆదివారాలు నాకు హోటల్ లాండ్రీలో డ్యూటీ. ఈ నెల నుంచి సెలవు ఇచ్చారు. అందుకని బావ మొదటిసారి నన్ను తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకు తీసుకెళ్ళాడు. బావ యూనివర్సిటీలో చేరిన దగ్గర నుంచీ, అంటే నేను రాకముందు నుంచీ, ఏడాదిగా అక్కడికి వెళ్తున్నాడు.

కూడిక జ్ఞానరాజు అంకుల్ ఇంట్లో. ఆయన ఇక్కడికి వచ్చి పాతికేళ్ళు దాటిందట. పది పన్నెండు కుటుంబాలు వస్తాయి. ఊళ్ళో అయితే ఒక సంఘం వాళ్ళు ఇంకో సంఘం గుమ్మం తొక్కరు. ఇక్కడ అన్ని సంఘాల వాళ్ళూ ఒకే హాల్లో, ఒకే తివాచీ మీద.

గుమ్మంలోనే బావ అందరికీ చెప్పాడు. "మా మరదలండి, సువార్త."

నాకు సిగ్గు వేసింది, సంతోషం కూడా వేసింది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న తన అక్క దగ్గర నన్ను వదిలారు. ఆ అత్త కొడుకే బావ. చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా "మా మరదలు" అని నా జడ పట్టుకుని చూపించేవాడు. మా ఇద్దరి పెళ్ళయ్యాక ఆ మాట అనడం మానేశాడు. ఇంత దూరం వచ్చాక, ఇంతమంది ముందు మళ్ళీ అన్నాడు.

అంకుల్ భార్య వసంతకుమారి ఆంటీ నా మెడ వైపు, కాలివేళ్ళ వైపు చూసింది. మా సంఘంలో తాళి, మెట్టెలు, గాజులు, బొట్టు ఏవీ ఉండవు. పెళ్ళికి కూడా దండలే. ఆవిడ మెడలో మాత్రం నల్లపూసలున్నాయి. బోసిగా ఉన్నానని ఏమైనా అనుకుంటుందేమోనని భయపడ్డాను. ఏమీ అనుకోలేదు. నా బుగ్గ తట్టి, "చక్కగా ఉన్నావమ్మా" అంది.


10 ఫిబ్రవరి

కూడిక నుంచి వచ్చే దారిలో బావ ఒక మాట చెప్పాడు. ఇక్కడ మేనరికం అంటే తెల్లవాళ్ళు అసహ్యించుకుంటారట. పిల్లలు వికారంగా పుడతారని నమ్ముతారట. మన ఆంటీలు కూడా ఇక్కడికి వచ్చాక అలాగే తయారయ్యారట.

"ఎవరైనా అడిగితే కజిన్ అను, చాలు."

"కజిన్ అంటే ఏంటి బావా?"

"మేనమామ కూతురు. నువ్వు మా మావయ్య కూతురివి కాదా?"

"అవును."

"మరి? అబద్ధం చెప్పమన్నానా?"

అబద్ధం కాదు. రెండుసార్లు ఆలోచించాను. కాదు.


12 ఫిబ్రవరి

బావకు పరీక్షలు దగ్గర పడుతున్నాయట. పరుపు హాల్లోకి తెచ్చుకున్నాడు. మేము ఉండేది నేపాలీ దంపతుల ఇంట్లో, ఒక్క గది మాది. హాల్లో పడుకుంటే వాళ్ళేమనుకుంటారు అన్నాను. చదువుకునేవాణ్ణి ఎవరూ ఏమీ అనుకోరు అన్నాడు.

లాండ్రీ నుంచి వచ్చేసరికి నా ఒళ్ళంతా నొప్పులు. నేను హాయిగా పడుకోవాలని కూడా అయి ఉంటుంది.


24 ఫిబ్రవరి

ఈరోజు అంకుల్ వాళ్ళ పెరట్లో బార్బీ అన్నారు. బొమ్మ పుట్టినరోజు ఏమిటా అనుకున్నాను. తీరా చూస్తే బొగ్గుల మీద మాంసం కాల్చుకోవడం. నేను పైకి అనకపోవడం మంచిదయింది.

రాజారావు గారని ఒకాయన వచ్చారు. భీమవరం వైపు మనిషి. సాల్మన్ చేపలు కోసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భార్య పోయి మూడేళ్ళయిందట. ఫ్యాక్టరీలో పారేసే సాల్మన్ తలకాయలు సంచీ నిండా తెచ్చారు. అందరూ వాటి వంక చూసి ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వంటగదిలోకి వెళ్ళి పులుసు పెట్టాను. పెండిల్ హిల్ అనే చోట ఉండే తన చెల్లెలు పంపిన కొత్త చింతపండు ఉంటే ఆంటీ తీసి ఇచ్చింది. గిన్నె ఖాళీ అయింది. రాజారావు గారు గిన్నె అడుగున అన్నం కలుపుకుని తిన్నారు.

"ఏ ఇంటికి వెళ్తావో గానీ, వాళ్ళు అదృష్టవంతులమ్మా" అంది ఆంటీ.

కూడిక ఒక్కోసారి వేరేవాళ్ళ ఇంట్లో కూడా పెడతారు కాబోలు, వచ్చే వారం ఎవరింట్లోనో ఇంకా తేలలేదు.

ఇంకొక మాట కూడా అంది. "డేనీ నీకు గది ఇచ్చేసి తను హాల్లో పడుకుంటాడట కదా. ఈ రోజుల్లో అలాంటి పిల్లలు ఎక్కడున్నారు?" ఇక్కడ బావను అందరూ డేనీ అంటారు. నేను తల ఊపాను. బావను మెచ్చుకుంటుంటే నాకూ బాగానే ఉంది.

ఆంటీ వాళ్ళమ్మాయి జాక్లిన్ ఆసుపత్రిలో నర్సు. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. బావ, జాక్లిన్ పొయ్యి దగ్గర నిలబడి మాట్లాడుకుంటూ నవ్వుకున్నారు. బావ అలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంగ్లీషులో నవ్వు వేరేగా ఉంటుందేమో.


3 మార్చి

నాకు డ్యూటీ వేశారు. బావ ఒక్కడే వెళ్ళాడు.


10 మార్చి

డ్యూటీ. బావ ఒక్కడే.

ఆదివారం సెలవు నేనే వద్దన్నానట. మేనేజరుతో బావ ఫోన్లో అలా చెప్పాడని లాండ్రీలో ఒక అమ్మాయి అంది. ఆమె యాస నాకు సరిగ్గా అర్థం కాదు.


24 మార్చి

నేనే మేనేజరు దగ్గరికి వెళ్ళి "సండే ఆఫ్ ప్లీజ్" అన్నాను. క్లాసులో నేర్చుకున్న మాట. సరే అంది. అంత సులువని తెలియదు.

కూడికలో ఆంటీ నా వయసు అడిగింది. ఇరవై రెండు అన్నాను. నాన్న ఏం చేస్తారంది. రాజోలు దగ్గర కొబ్బరితోటలో కాపలా అన్నాను. గోడ దగ్గర నిలబెట్టి ఫోన్లో ఫోటో తీసింది. ఒకటి నిలుచున్నది, ఒకటి కూర్చున్నది. కూడికకు వచ్చేవాళ్ళందరి ఫోటోలూ పెట్టుకుంటుంది కాబోలు.

రాజారావు గారు మళ్ళీ తలకాయలు తెచ్చారు.


7 ఏప్రిల్

ఈస్టరుకు అందరం కలిసి బ్రూనీ ద్వీపం వెళ్తున్నాం. నాలుగు రోజుల క్యాంపు. ఏర్పాట్లన్నీ బావే చూస్తున్నాడు, కంప్యూటరులో జాబితాలు చేస్తున్నాడు.

నాలుగు రోజులు ఒకే గదిలో ఉంటాం. బావకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఈ మధ్య తను పడుకున్నాక నేను వస్తున్నాను, నేను లేచేసరికి తను వెళ్ళిపోతున్నాడు. అక్కడ సముద్రం తప్ప ఏమీ ఉండదట. వినక ఏం చేస్తాడు?

కొత్త దుప్పటి కొన్నాను.


19 ఏప్రిల్, శుభ శుక్రవారం, బ్రూనీ

కార్లను కూడా ఎక్కించుకునే పడవలో వచ్చాం. టాస్మేనియానే ఒక దీవి. దాని పక్కన ఇది ఇంకో దీవి. గాలికి చెవులు తెగిపోతున్నాయి. రేవులో దిగాక జాక్లిన్ సముద్రం వైపు చెయ్యి చూపించి, "నెక్స్ట్ స్టాప్ న్యూజీలాండ్" అంది.

కొండ కింద చెక్క గుడిసెలు. ఒక్కో తలుపు మీద ఒక్కో కాగితం అంటించారు. భార్యాభర్తల గుడిసెల దగ్గరికి వెళ్ళి కాగితాలు చూశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. మా పేర్లు లేవు. దుప్పటి చంకలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే జ్ఞానరాజు అంకుల్ చూశారు.

"అటు కాదమ్మా, నీది అక్కడ. జాక్లిన్ వాళ్ళతో."

ఆడపిల్లల గుడిసె. ఆరు మంచాలు. తలుపు మీద నా పేరు ఉంది. పేరుకు ముందు నాలుగు అక్షరాలు. ఎం, ఐ, ఎస్, ఎస్.

"ఇదేంటి?" అని జాక్లిన్‌ను అడిగాను.

"మిస్. లైక్, నాట్ మ్యారీడ్ యెట్. అయామ్ మిస్ టూ" అని నవ్వింది.

రాసినవాళ్ళు పొరపాటు చేసి ఉంటారు అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆమెకు అర్థమవుతుంది కదా. నేను దేని గురించి పొరపాటు అన్నానో అర్థం కాలేదనుకుంటాను. నా పేరులో అక్షరాలు ఒకసారి సరిచూసి భుజాలు ఎగరేసింది.

"డేనీ మేడ్ ద లిస్ట్" అంది.


అదే రోజు, సాయంత్రం

బావ మగపిల్లల గుడిసెలో ఉన్నాడు. భోజనాల దగ్గర పక్కకు పిలిచి అడిగాను.

"ఏంటే నీ గోల? గుడిసెలు చాలలేదు. ఫ్యామిలీలకి పిల్లలున్నారు. మనం సర్దుకోలేమా నాలుగు రోజులు?"

"మరి మిస్ అని..."

"అది కంప్యూటర్ దానంతటదే వేస్తుంది."

కంప్యూటర్ సంగతి నాకు తెలియదు. లాండ్రీలో సంచుల మీద చీటీలు కూడా కంప్యూటరే వేస్తుంది. వాటి మీద మిస్ ఉంటుంది, మిసెస్ ఉంటుంది.


20 ఏప్రిల్

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బైబిలు పాఠం అయ్యాక హాల్లో టీ. నేను కప్పులు పట్టుకుని తిరుగుతున్నాను. అంకుల్ బావను పిలిచారు.

"డేనీ, ఇలా కూర్చో. ఈ అమ్మాయి విషయం తేల్చు. మన రాజారావు మంచివాడు. పద్ధతిగలవాడు."

"ఇప్పుడే తొందరేముందంకుల్?" అన్నాడు బావ.

"ఇప్పుడు కాక ముసలిదయ్యాకా?" అంది ఆంటీ. "ఫోటో ఇచ్చిన దగ్గర్నుంచి ఆ అబ్బాయి వారం వారం సాల్మన్ తలకాయలు మోస్తున్నాడు మా ఇంటికి. ఫ్రీజర్‌లో ఐస్‌క్రీంకి చోటు లేదు."

అందరూ గొల్లుమన్నారు. మూలన కూర్చున్న రాజారావు గారు బైబిలు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

అంకుల్ నవ్వలేదు. "తండ్రి అక్కడెక్కడో ఉన్నాడు. ఇక్కడ ఆ పిల్లకి పెద్దదిక్కు నువ్వే. బావగా నీ మాటేంటి?"

నా చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెంలో ఆరు కప్పులు. నేను బావ వైపు చూశాను. ఒక్క మాట చాలు. అది నా భార్య అంకుల్, అంటే చాలు. నవ్వులాటకు అన్నాను అన్నా చాలు. ఆ ఒక్క మాట కోసం ఎంతసేపైనా నిలబడేదాన్ని.

బావ పళ్ళెం వైపు చూశాడు.

"మావయ్యతో మాట్లాడి చెప్తానంకుల్" అన్నాడు. బిస్కెట్ తీసుకున్నాడు.


20 ఏప్రిల్, మళ్ళీ

అబద్ధం చెప్పలేదు. మావయ్యతో మాట్లాడతానన్నాడు. ఆయన నిజంగా మావయ్యే. నేను నిజంగా మరదలినే. కజిన్‌నే. ఏ మాటా అబద్ధం కాదు.


21 ఏప్రిల్, ఈస్టరు

సూర్యోదయానికి అందరం తీరానికి వెళ్ళాం. నేను పాడలేదు. పెదవులు కదిపాను.

ప్రార్థన అయ్యాక మిగతావాళ్ళు టిఫినుకు వెళ్తుంటే రాజారావు గారు నా దగ్గరికి వచ్చారు. ఆంటీ కాస్త దూరంలో గవ్వలు ఏరుతున్నట్టు నిలబడింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"సువార్త గారూ, పెద్దోళ్ళు అడిగారని కాదండి. మీ నోటితో వినాలని. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయండి, నేనేం అనుకోను."

బలవంతాన, "నాకు మా బావతో..." అన్నాను.

"ఆయ్, మాట్లాడానండి. నిన్న మధ్యాహ్నమే మాట్లాడాను. ఆయనకేం అభ్యంతరం లేదన్నారు. మావయ్య నా మాట కాదనడు, మీరు ధైర్యంగా ఉండండి అన్నారు."

"అది కాదండి. మా బావకి నేను..."

"ఆయన్ని వదిలి దూరం వెళ్ళాలని మీకు బెంగ ఉంటుందండి. నాకు తెలీదా? చిన్నప్పట్నించీ ఒకే ఇంట్లో పెరిగారట కదా. మనం హోబార్ట్‌లోనే ఉంటాం. మీ బావగారింటికి ఎప్పుడు వెళ్తానన్నా నేనే దింపుతాను."

ఎంత మంచి మనిషి. నేను బావ అన్న ప్రతిసారీ ఆయనకు ఇంకొకరు వినబడుతున్నారు. మా ఇళ్ళలో భర్త పేరు నోటితో పలకం. పుట్టి బుద్ధెరిగాక బావ పేరు నేను ఒక్కసారి కూడా పలకలేదు. పెళ్ళిలో పాస్టరుగారు అడిగినప్పుడు కూడా తల ఊపాను.

"దానియేలు నా భర్త" అన్నాను. "వచ్చే జూలైకి మా పెళ్ళయి రెండేళ్ళు."

ఆయన ముందు అర్థం కానట్టు చూశారు. తర్వాత ముఖమంతా ఎర్రబడింది. రెండడుగులు వెనక్కి వేశారు, నీళ్ళలోకి. బూట్లు తడిశాయి.

"నన్ను క్షమించు చెల్లెమ్మా" అన్నారు.

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ పిలుపుకు వచ్చేసింది.


22 ఏప్రిల్

తిరుగు ప్రయాణం. పడవలో ఆంటీ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. రాజారావు గారు ఆవిడకు చెప్పారు. ఆవిడ బావను పిలిచి అడిగింది. ఇక దాచడానికి ఏమీ లేదనుకున్నాను. ఒళ్ళు తేలికైనట్టు కూడా అనిపించింది.

ఆంటీ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"డేనీ అంతా చెప్పాడమ్మా. మీ ఇళ్ళలో చిన్నప్పట్నుంచీ వీడికి ఇది, దీనికి వీడు అని పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు. నాకు తెలియదా? నా మేనబావని కూడా అలాగే అనేవాళ్ళు. మీ అంకుల్‌తో పెళ్ళికి ముందు నేను మూడు రోజులు అన్నం తినలేదు. మరదళ్ళందరికీ ఉండే ఆశే ఇది."

"ఆశ కాదు ఆంటీ. పెళ్ళయింది. దండలు మార్చుకున్నాం."

"మనసులో అయిపోయి ఉంటుంది తల్లీ. కాదనట్లేదు."

"నిజంగా ఆంటీ."

"నీ మనసుకి నిజమే." నా మెడ వైపు చూసింది. బోసి మెడ. ఆ చూపులో కోపం లేదు, జాలే ఉంది. "పసిపిల్లవి. డేనీ చాలా బాధపడ్డాడు. నిన్ను చెల్లెల్లా చూసుకున్నాడట."

చెల్లెల్లా. మేనమరదలిని చెల్లెల్లా చూసుకునే బావ ఎక్కడైనా ఉంటాడా అని ఆంటీకి తోచలేదు. ఇక్కడ పాతికేళ్ళుండి ఆ మాటల తేడాలు మరిచిపోయిందేమో.

ఎదురు బల్ల మీద జాక్లిన్ కూర్చుని ఉంది. సముద్రం వైపు చూస్తోంది. వింటోందో లేదో తెలియలేదు.

ఇంటికొచ్చాక బావ తలుపు వేశాడు.

"నా పరువు తీశావు."

"నేనేం అన్నాను బావా? ఉన్నదే అన్నాను."

"ఉన్నదంతా వీధిలో పెట్టుకుంటారా? నా చదువు నవంబరుకి అయిపోతుంది. తర్వాత ఇక్కడ ఎలా ఉంటామనుకున్నావు? జాక్లిన్‌ది ఈ దేశం. ఆమెని చేసుకుంటే నాకు కాగితాలు వస్తాయి. అంతా మన కోసమే."

"మన కోసం నన్ను రాజారావు గారికి ఇస్తావా?"

సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కింద నా పేరు, పక్కన ఖాళీ గీత. విడాకుల కాగితమట. ఆ మాట కూడా మెల్లగానే చెప్పాడు.

"అత్తకి తెలుసా?" అన్నాను.

బూట్లు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.


23 ఏప్రిల్

అత్తకు తెలిస్తే బావను చీపురుతో కొడుతుంది. అత్త నన్ను తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది. నాకు జ్వరం వస్తే తను పస్తుండేది. మా పెళ్ళి పట్టుబట్టి చేసింది అత్తే. రేపు పనినుంచి వచ్చాక ఫోన్ చేస్తాను. అత్త ఒక్క మాట అంటే చాలు.


24 ఏప్రిల్

ఫోన్ చేశాను.

చెప్పినంతసేపూ అత్త మధ్యలో ఒక్క మాట అనలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"అయితే అందరికీ చెప్పేశావా?" అంది.

"ఏంటత్తా?"

"నీకు ముందే చెబుదామన్నాను. వాడే వద్దన్నాడు, దానికి గుండె ధైర్యం తక్కువ, తట్టుకోలేదు అని. కాగితం మీద సంతకం పెట్టెయ్యే. ఉత్త కాగితమే అది. రెండేళ్ళు ఓర్చుకుంటే వాడు ఆ పిల్లకి ఏదో చెప్పి వదిలించుకుని, మళ్ళీ నిన్నే తెచ్చుకుంటాడు."

"అత్తా, నన్ను ఇంకొకాయనకి ఇస్తానన్నాడు."

"ఎవరికి? ఛ, వాడలా అనడు."

"అన్నాడు."

తర్వాత అత్త, "మీ నాన్నకి మాత్రం చెప్పకు" అంది. "చచ్చిపోతాడు వాడు."

రెండేళ్ళు ఓర్చుకోమన్నది అత్త. రాజారావు గారికి సరేనన్నది బావ. ఇద్దరిలో ఎవరు ఎవరిని మోసం చేశారో నాకు తెలియదు. మధ్యలో ఉన్నది నేను. అంతవరకు తెలుసు.


25 ఏప్రిల్

ఇక్కడ దేశమంతా సెలవురోజు. హోటల్ కిక్కిరిసి ఉంది. నూట నలభై దుప్పట్లు మడిచాను. ఏమీ తోచలేదు.

మూడు గంటలకు వెనక గేటులోంచి బయటికి వస్తే జాక్లిన్ కారు ఉంది. ఆసుపత్రి బట్టల్లోనే ఉంది. నన్ను చూసి దిగింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

నాకు భయం వేసింది. తిడుతుందనుకున్నాను. తెలుగులో ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాను. బావ, మరదలు, పెళ్ళి, మనువు, ఏ మాట తీసుకున్నా దాని మీద ఆంటీ జాలి వచ్చి కూర్చుంటుంది. ఇక ఏ మాటతో చెప్పను?

జాక్లిన్ ఏమీ చుట్టూ తిప్పలేదు.

"సువార్త. ఆర్ యూ హిజ్ వైఫ్?"

వైఫ్. ఆ మాటకు ఇంకో అర్థం లేదు. క్లాసులో రెండో వారమే నేర్పారు. హజ్బెండ్, వైఫ్, సన్, డాటర్. బొమ్మ కూడా ఉంది.

"యెస్" అన్నాను. "ఐ యామ్ వైఫ్. టూ థౌజండ్ సెవెంటీన్, జూలై."

ఇంత ఇంగ్లీషు నేను ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

జాక్లిన్ నన్ను ఇంకేమీ అడగలేదు. ఫోటో అడగలేదు, కాగితం అడగలేదు. కారు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. "ఓకే" అంది. మళ్ళీ "ఓకే" అంది. అప్పుడు వాళ్ళమ్మ నుంచి విన్న తెలుగేమో, వచ్చీరానట్టు, "నాకు... నాకు కూడా చెప్పాడు. పెళ్ళి లేదు, అని" అంది.

గేటు దగ్గరే నాకు ఏడుపు వచ్చింది. ఆమె కూడా ఏడ్చింది. ఒకే మనిషి గురించి ఇద్దరం ఏడవడం విచిత్రంగా ఉంది. ఆమె మీద నాకు కోపం రావాలి. రాలేదు.


26 ఏప్రిల్

బావ రాలేదు. పరుపు హాల్లోనే ఉంది.


28 ఏప్రిల్, ఆదివారం

కూడికకు వెళ్ళలేదు. జాక్లిన్ అంతా చెప్పిందట, పొద్దున ఆంటీ వచ్చింది. మా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. తర్వాత, "నేను నిన్ను నమ్మలేదమ్మా. మాట తీరు అలా ఉంది" అంది. ఏ మాటో చెప్పలేదు. నేను అడగలేదు. మా వంటగదిలో నిలబడి తనే టీ పెట్టి నాకు ఇచ్చింది.

బావ స్నేహితుడి గదిలో ఉన్నాడట. అంకుల్ మళ్ళీ గుమ్మం తొక్కవద్దన్నారట. నా వీసా బావ చదువు మీద ఉంది. దాని సంగతి కనుక్కోవడానికి మంగళవారం జాక్లిన్ ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్తానంది. కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. లాయరమ్మకు చూపించాక పెట్టాలో వద్దో నేనే అనుకుంటాను.

బావ గురించి రాసేటప్పుడు వేరే మాట రాయాలని చూశాను. చేతికి రావడం లేదు. నాకు ఆరేళ్ళప్పటి నుంచి వేరే మాట నేర్పలేదు.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేయాలి. బావ చేసింది చెప్తాను. నా నోటితోనే, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నాన్న కుంగిపోతారు, తర్వాత నిలబడతారు. కానీ అత్తకు ముందే తెలుసన్నది చెప్పను. అమ్మ పోయినప్పుడు నాన్న నన్ను ఎత్తుకుని తిన్నగా అత్త గుమ్మంలోకే వెళ్ళారు. ఇప్పటికీ తోటలో మొదటి గెల దిగితే ముందు అక్క ఇంటికే పంపుతారు. ఆ గుమ్మం కూడా లేదని తెలిస్తే ఆయనకు వెనక్కి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

అందుకని, నాకు ఏమైనా అయి ఈ పుస్తకం ఎవరి చేతికైనా వస్తే, నా సామానుతో కలిపి ఊరికి పంపకండి. నాన్నకు చదువు వచ్చు. నా రాత ఎంత వంకరగా ఉన్నా ఆయన కూడబలుక్కుని చదువుతారు. మీరు ఎవరైనా సరే, ఏప్రిల్ ఇరవై నాలుగు వరకు వెళ్ళకుండానే పొయ్యిలో వేయండి. ఆయనకు లోకంలో ఒక్కతే అక్క.